జీడి రుద్దిన చేతులు

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ముందు తలెత్తి పైకి చూస్తారు. చూసి, "అబ్బ, ఎప్పటి దూలాలండీ, ఇంకా నల్లగా నిగనిగలాడుతున్నాయి! మీ పెదనాన్నగారు దగ్గరుండి కట్టించారట కదా!" అంటారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కాఫీ గ్లాసు చేతికిచ్చి, నవ్వి ఊరుకునే వయసు నాకెప్పుడో దాటిపోయింది. "కట్టించింది పెదనాన్నే. ఆ దూలాల్ని చెద తినకుండా కాపాడింది మా అమ్మ" అని ముఖం మీదే చెప్తాను. వాళ్ళు కాస్త ఇబ్బందిగా కాఫీ తాగి వెళ్ళిపోతారు. వెళ్ళనీండి. ఈ ఊళ్ళో పెద్దమనిషి అన్న ప్రతివాడి పేరు మీదా ఒక ఇల్లుంది, ఆ ఇంటి కోసం ఒళ్ళు కాల్చుకున్న ఆడదాని ఊసు మాత్రం ఎక్కడా లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మాట ఇది. అప్పటికి మేం కాశీబుగ్గలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. ఆ అద్దె ఇంట్లో మాతోపాటు చెదలు కూడా కాపురం ఉండేవి. ట్రంకుపెట్టె కింద పెట్టిన చెక్కల్ని తినేశాయి, దేవుడి పీట కాళ్ళు తినేశాయి. ఒకరోజు అమ్మ దొడ్డి తలుపు గడియ తీయబోతే, గడియతోపాటు తలుపు ముక్క కూడా ఊడి చేతిలోకొచ్చింది. పైన రంగు బాగానే ఉంది, లోపలంతా మట్టి. నాన్న ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, సొంత ఇల్లంటూ కడితే చెద ముట్టని ఇల్లే కట్టాలి అన్నాడు.

అన్నాడే గానీ, నాన్నకు సొంతంగా ఏదీ చేసే అలవాటు లేదు. మా ఇంట్లో ఏం జరగాలన్నా పెదనాన్న నోటి నుంచి మాట రావాలి. పెదనాన్న నాన్నకు అన్నగారు. పెద్దమ్మతో సుమ్మాదేవి అనే ఊళ్ళో ఉంటూ, అక్కడి మా ఉమ్మడి పొలాలు, తోట ఆయనే చూసుకునేవాడు. తెల్లటి పంచె, భుజం మీద కండువా, గొంతులో ఎప్పుడూ ఒక గదమాయింపు. కాశీబుగ్గ చివర తాతగారి స్థలం ఉంది, అందులో మా కోసం ఇల్లు కడదాం అని ఆయనే నిర్ణయించాడు. పొలం గట్టు మీది తాటిచెట్లు కొట్టించి దూలాలు, వాసాలు చేయించాడు. వీధి గుమ్మానికి మాత్రం తోటలో మామిడిచెట్టు కొట్టించి పంపాడు. అది చూసి వడ్రంగి నొసలు చిట్లించాడు. మామిడి చెక్కంటే చెదకు పరమాన్నం. ఆ మాట పెదనాన్నతో అనే ధైర్యం ఎవరికుంది?

ఇక్కడే అమ్మ అవసరం వచ్చింది వాళ్ళకి. అమ్మది ఉద్దానం. సముద్రం చప్పుడు ఇంట్లోకి వినబడే ఊరు. చుట్టూ జీడి, కొబ్బరి, పనస తోటలు. పప్పు తీసేశాక మిగిలిన జీడిపిక్కల తొక్కుల్ని మా ఊళ్ళో పొయ్యిలో పడేసేవాళ్ళు. అక్కడ మాత్రం దాచుకునేవాళ్ళు. ఆ తొక్కుల్లోంచి నల్లటి నూనె తీసి పడవల అడుగుకు పూస్తారు, ఇంటి దూలాలకు పట్టిస్తారు. ఒకసారి జీడి నూనె తాగిన కర్రను చెద గానీ, పుచ్చు గానీ ముట్టుకోదు. అమ్మ పుట్టిన ఇంటి దూలాలు వాళ్ళ తాతల నాటివి, వాటి మీద సుత్తితో మేకు కొడితే మేకే వంగిపోయేది.

అంతకు ముందు పెదనాన్న అమ్మను నోరారా పిలవడం నేను వినలేదు. "తోటల్లోంచి వచ్చిన మనిషి" అనేవాడు, ఎదురుగానే. అమ్మ వండిన పులుసులో ఉప్పు తక్కువైతే "తోటల్లో ఇంతే కాబోలు" అనేవాడు. అలాంటి మనిషి ఒకరోజు మా అద్దె ఇంటి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "అమ్మాయ్, ఈ జీడి పని మీ ఉద్దానపోళ్ళకి తెలిసినట్టు మాకేటి తెలుస్తాది? నువ్వు దగ్గరుండి సూసుకుంటే నాకింక బెంగ నేదు" అన్నాడు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఆ వెలుగు గుర్తొచ్చినప్పుడే. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళకు అత్తింట్లో ఒక పెద్దమనిషి తన పుట్టింటి విద్యను మెచ్చుకున్నాడని ఎంత మురిసిపోయిందో! ఆ వారమంతా పని చేసుకుంటూ తనలో తాను నవ్వుకునేది.

నూనె తీయడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి బయల్దేరింది. నేనప్పుడే ఓణీలు వేసుకోవడం మొదలుపెట్టాను, బడి మాన్పించేశారు. తాతగారి తోటలో ఇళ్ళకు దూరంగా ఇసుకలో గొయ్యి తీసి, ఒక కుండ పాతిపెట్టారు. అడుగున చిల్లులు పొడిచిన ఇంకో కుండ నిండా ఎండిన తొక్కులు నింపి, మూతికి మట్టి మెత్తి, పాతిన కుండ మీద కూర్చోబెట్టారు. చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెట్టారు. పై కుండ వేడెక్కుతుంటే తొక్కులు నూనె కక్కుతాయి, అది చిల్లుల్లోంచి కింది కుండలోకి చుక్కచుక్కగా దిగుతుంది. ఆ పొగ మాత్రం మహా చెడ్డది. గాలి తిరిగిందంటే కళ్ళు మూతలు పడిపోవాల్సిందే. గొంతులో కారం కొట్టినట్టుండేది. అమ్మ తడిగుడ్డ ముక్కుకు చుట్టుకుని, పిడకలు సర్దుతూ, ఎండలో అక్కడే కూర్చునేది. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు.

ఆ నూనె కుండల్ని ఎండుగడ్డిలో పెట్టి బండి మీద కాశీబుగ్గ తెచ్చాం. కొత్త స్థలంలో గోడలు లేస్తుంటే, పక్కన తాటాకుల పందిరి వేసి దాని కింద దూలాలు పరిచారు. నూనె చిక్కగా ఉంటే కర్రలోకి దిగదని అమ్మ దాంట్లో కానుగ నూనె కలిపి, వేడి చేసి పెట్టుకుంది. అప్పుడు నాకు వాళ్ళ ఊరి పద్ధతి చెప్పింది. ఇంటి దూలాలకు మొదటి జీడి ఆ ఇంటి ఇల్లాలే పట్టించాలట. అదీ అరచేత్తో.

"గుడ్డతో రుద్దకూడదేటమ్మా?" అన్నాను.

"గుడ్డెట్టి రుద్దితే నూనంతా గుడ్డే తాగేత్తాదే. సెయ్యయితే ఏ నెర్రి ఎక్కడున్నాదో తెలుత్తాది. చెద దూరేది ఆ నెర్రిలోంచే కదా. ఇల్లు నాదనుకున్నోళ్ళే అంత ఓపిగ్గా ఎతుకుతారు" అంది అమ్మ.

అరచేతులకు కొబ్బరినూనె రాసుకుని, దాని మీద పొయ్యి బూడిద అద్దుకుని మొదలుపెట్టింది. మొదటి పట్టు వరకే తను, తర్వాత కూలీలు కొబ్బరి పీచుతో పట్టిస్తారని అనుకుంది. ఆ రోజు సాయంత్రం పెదనాన్న వచ్చి, పట్టించిన దూలాన్ని వేలితో గీరి చూసి, "ఇంత బాగా సేత్తన్నావు, ఇంక కూలోళ్ళెందుకమ్మా? ఆళ్ళు పైపైన తుడిసి పోతారు" అన్నాడు. కూలీలను మానిపించేశాడు. అమ్మ కాదనలేదు. మెచ్చుకోలు అంటే అంత ఆకలి మరి.

ఎండలు మండిపోతున్న రోజులు. అన్ని దూలాలు, అన్ని వాసాలు, గోడల్లోకి వెళ్ళే కొసలు, గుమ్మాలు, కిటికీ చట్రాలు, అన్నిటికీ ఆవిడే. గోడలోకి పోయే కొసలకు ఎక్కువ పట్టించాలి. పోసిన చుక్క ఇంకకుండా పైనే నిలిచేదాకా పట్టిస్తూనే ఉండాలి. చెమటకు బూడిద కారిపోయేది, మళ్ళీ అద్దుకునేది. కొన్నాళ్ళకు బూడిదా ఆగలేదు, కొబ్బరినూనే ఆగలేదు. ముందు అరచేతులు నల్లబడ్డాయి. తర్వాత వేళ్ళ సందుల్లో పొక్కులు లేచాయి. పొక్కులు పగిలి, తోలు పొరలు పొరలుగా ఊడిపోయి, కింద ఎర్రటి మాంసం కనిపించేది. చేతులు తాకిన చోటల్లా, మెడ మీద, చెవి పక్కన కూడా మచ్చలు తేలాయి.

అప్పట్నుంచి వంట నాది. అమ్మ జడ వేసుకోలేకపోతే నేనే వేసేదాన్ని. అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని. నాన్న కంచం ముందు కూర్చుని, అమ్మ చేతుల వంక ఒకసారి చూసి, "మంటగా ఉందా?" అని అడిగి, తన అన్నం తను తిని లేచేవాడు. ఒక్క ముద్ద తన చేత్తో పెట్టింది లేదు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాదు అన్న మాట మా నాన్నలాంటి వాళ్ళను ఎన్నిసార్లు గట్టెక్కించిందో తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంతా చేసి అమ్మ ఏం కోరుకుంది? గృహప్రవేశం రోజున భర్త పక్కన పీట మీద కూర్చోవాలని, తన చేత్తో కొత్త పొయ్యి మీద పాలు పొంగించాలని. అంతే. అది ఒకరు ఇచ్చేది కాదు, ఆ ఇంటి ఇల్లాలి హక్కు. అమ్మమ్మ పుట్టింటి చీర పంపింది, అంచులకు పసుపు రాసి. అమ్మ దాన్ని తీసి, మురిపెంగా చూసుకుని, చేతులు తగిలితే మరక పడుతుందని నా చేతే మడత పెట్టించింది.

ముహూర్తం దగ్గర పడ్డాక పెదనాన్న వచ్చాడు. నాన్న ఆఫీసులో కొత్తగా వచ్చిన ఆఫీసరు గృహప్రవేశానికి వస్తానన్నాడట. ఆ కబురుకి పెదనాన్న ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. వాకిట్లో పందిరి ఎక్కడ వెయ్యాలి, ఆయనకు కుర్చీ ఎక్కడ వెయ్యాలి, అన్నీ చెప్పాడు. చెబుతూ చెబుతూ గుమ్మంలో నిలబడ్డ అమ్మ చేతులు చూశాడు.

"ఈ సేతులు ఇంకా తగ్గనేదేటి?"

"తగ్గుతాయండి. కొత్త తోలు రావాలి కదా" అంది అమ్మ.

"అప్పటికి తగ్గవు." ఆయన నాన్న వైపు తిరిగాడు. "ఆఫీసరుగారిది గోదావరి జిల్లా. ఆయనకి జీడంటే పప్పే తెలుసు. ఈ సేతులు సూసి ఏటనుకుంటాడు? పెద్దరోగం అనుకుంటాడు. ఈ సేతుల్తో పొంగించిన పాలు తాగుతాడేటి?"

అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది, ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకుని. "జీడని సెప్తే సరిపోద్ది కదా బావగారూ" అంది.

"వచ్చినోడికల్లా సెప్పుకుంటా కూకోవాలేటి? బాగోదు. నేనూ మీ అక్కా పీటల మీద కూకుంటాం. నేను ఇంటికి పెద్దోణ్ణి, తప్పేటి నేదు. నువ్వు ఆ పూటకి పక్కింట్లో ఉండు."

పలాసలో, కాశీబుగ్గలో జీడి పొక్కులు ఎరగని ఇల్లుందా? పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు వీధివీధినా కనిపిస్తాయి. పెదనాన్నకు తెలుసు, నాన్నకు తెలుసు, పిలిచిన బంధువులందరికీ తెలుసు. ఊరంతటికీ తెలిసిన సంగతి తెలియని ఒక్క మనిషి వస్తున్నాడని, ఆ ఒక్కడి కళ్ళ కోసం మా అమ్మను ఆవిడ ఇంట్లోంచి తప్పించేశారు! పని జరుగుతున్నన్నాళ్ళూ ఆ చేతులు బంగారపు చేతులు. పని అయిపోయాక పెద్దరోగపు చేతులు.

అమ్మ నాన్న వంక చూసింది. నేనూ చూశాను. నాన్న చొక్కా గుండీ ఒకటి తిప్పుతూ, "ఒక్క పూటే కదా. అన్నయ్య చెప్పింది కూడా ఆలోచించాల్సిందే" అన్నాడు. అమ్మ నవ్వు అప్పుడు ఆగింది.

కొత్త ఇంటి పక్కింటావిడ జీడి షెడ్డులో పిక్కలు కొట్టేది. ఆవిడ చేతులూ నల్లగా, తోలు ఊడి ఉండేవి. గృహప్రవేశం నాడు పొద్దున్నే నేను అమ్మను వాళ్ళింటికి తీసుకెళ్తే ఆవిడ తెల్లబోయింది. "అదేటి వదినా, నన్ను ఆ ఇంటికి గిన్నెలు తోమడానికి రమ్మన్నారు కదా! నా సేతులకి అడ్డు నేదుగాని నీ సేతులకి వచ్చిందేటి?" అంది. అమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. పుట్టింటి చీర కట్టుకోలేదు.

రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. బాజాలు వినబడుతున్నాయి, మంత్రాలు వినబడుతున్నాయి. ఆవు లోపలికి వెళ్ళినప్పుడు జనం అరుపులు వినబడ్డాయి. "పొంగినాయి, పొంగినాయి" అని ఆడవాళ్ళు కేకలు వేసినప్పుడు అమ్మ కళ్ళు మూసుకుంది. ఏడిచింది. చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు కదా, జీడి కళ్ళలోకి పోతుంది. నేనే నా ఓణీ చెంగుతో తుడిచాను. తుడుస్తుంటే నాకు పట్టరాని కోపం వచ్చింది. అందరి మీదా వచ్చింది, అమ్మ మీద కూడా.

కాసేపటికి నన్ను రమ్మని కబురొచ్చింది. మంచినీళ్ళు అందించడానికి ఆడపిల్ల కావాలట. అమ్మ వెళ్ళమంది. వెళ్ళాను. ఆఫీసరు మంచివాడే, నడివయసు మనిషి. అరిటాకు ముందు కూర్చుని తలెత్తి చూసి, "భలే నల్లగా మెరుస్తున్నాయండీ దూలాలు! రంగా?" అని అడిగాడు.

"రంగు కాదండి, జీడి నూనండి. చెద జన్మలో ముట్టదు. మా పద్ధతండి ఇది" అన్నాడు పెదనాన్న.

మా పద్ధతి! తోటల్లోంచి వచ్చిన మనిషి పద్ధతి ఒక్క పూటలో మా పద్ధతి అయిపోయింది. "మా అమ్మ రుద్దిందండీ అవన్నీ" అన్నాను, గట్టిగానే.

"ఓహో! ఎక్కడున్నారమ్మా మీ అమ్మగారు? కనబడలేదే" అన్నాడాయన.

నేను నోరు తెరిచేలోగా పెదనాన్న అందుకున్నాడు. "ఒంట్లో బాగోక పుట్టింటికెళ్ళిందండి. ఒలే గుంటా, ఎల్లి పెరుగు తే." పక్క గోడ వెనకాల కూర్చున్న మనిషి పుట్టింట్లో ఉందట! ఆ మాటలు అవతలికి వినబడుతూనే ఉంటాయని ఆయనకు తెలుసు. నేను నాన్న వంక చూశాను. నాన్న దీక్షగా పప్పు కలుపుకుంటున్నాడు. పెరుగు తేకుండా, చెంబు అక్కడే పెట్టేసి పక్కింటికి వచ్చేశాను. ఆ పూట నేను భోజనానికి వెళ్ళలేదు.

జనం అంతా పోయాక, ఎండ వాలాక, అమ్మ దొడ్డిదారిన తన ఇంట్లోకి వచ్చింది. వంటింట్లో పొయ్యి చుట్టూ పొంగిన పాలు ఎండి చారలు కట్టాయి. అమ్మ వాటిని చూస్తూ కాసేపు నిలబడింది. పెద్దమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. "నువ్వు అలిసిపోయుంటావక్కా, పడుకో" అంది అమ్మ. ఆ తర్వాత ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు. అందరూ అమ్మ మర్చిపోయిందనుకున్నారు. ఆడవాళ్ళు మాట్లాడకపోతే మర్చిపోయారని అనుకోవడం మా ఇంట్లో మగవాళ్ళకు సుఖంగా ఉండేది.

చేతులకు కొత్త తోలు వచ్చింది. వానలు మొదలవబోతున్నాయి. దూలాలకు పడాల్సిన పట్లన్నీ పడ్డాయి గానీ, ఆఖర్న బిగించిన వీధి గుమ్మానికి ఒక్క పట్టే పడింది. మామిడి చెక్క కాబట్టి ఇంకా పట్టించాలి. పెదనాన్న ఒకనాడు సుమ్మాదేవి నుంచి వచ్చి, ఏమీ జరగనట్టే, "గుమ్మానికి ఇంకో పట్టు పట్టించీయమ్మా, వానలొచ్చేత్తన్నాయి" అన్నాడు.

అమ్మ మజ్జిగ గ్లాసు ఆయన ముందు పెట్టింది. "మా ఊళ్ళో ఇంటికి ఇల్లాలే జీడి పట్టించాలి బావగారూ. నేనే ఇల్లాలిననుకుని ఇన్నాళ్ళూ పట్టించేసినాను. పీట మీద కూకుని పాలు పొంగించింది అక్క కదా. మిగిలింది అక్క సేత పట్టించండి. కావాలంటే ఎలా పట్టించాలో దగ్గరుండి సెప్తాను" అంది.

గొంతు పెంచలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. పెదనాన్న ముఖం కందగడ్డలా అయింది. "ఏటి మాటలివి?" అని నాన్న వంక చూశాడు. నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ ఎవరి వంకా చూడలేదు. పెదనాన్న మజ్జిగ ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ రాలేదు. ఎందుకొస్తుంది? "నా సేతులు పాడైపోవూ" అందని తర్వాత తెలిసింది. నాన్న మాత్రం చాలా రోజులు మూతి ముడుచుకున్నాడు. పెద్దవాళ్ళతో అలా మాట్లాడతారా అని గొణిగాడు. గొణగడానికి ఆయనకు నోరు బాగానే వచ్చింది.

ఆ వానలు గడిచి మళ్ళీ ఎండలు వచ్చేసరికి వీధి గుమ్మం అడుగున సన్నటి చెదల మట్టిదారి పైకి పాకింది. నాన్న దాన్ని గీరేస్తే మర్నాటికి మళ్ళీ కట్టింది. అలా కొన్నిసార్లు గీరాక ఆయనకు భయం పట్టుకుంది. కూలీని పెడదామంటే ఆ సంగతి పెదనాన్నకు తెలుస్తుంది. అమ్మను అడగడానికి ముఖం చెల్లలేదు. చివరికి ఒక ఆదివారం పూట దొడ్లో మిగిలిపోయిన నూనె కుండ తీసి, చొక్కా విప్పి తనే మొదలుపెట్టాడు. "సేతులకి కొబ్బరినూని, బూడిదా రాసుకోండి" అని అమ్మ చెప్పింది. తెచ్చి పక్కన కూడా పెట్టింది. ఆ మాత్రానికి ఏమవుతుందిలే అన్నాడు.

అయింది. కొద్దిరోజుల్లోనే ఆయన చేతులు పొక్కాయి, పగిలాయి, తోలు ఊడింది. ఆ చేతులతోనే ఆఫీసుకు వెళ్ళాడు. ఇంటి దగ్గర కంచం ముందు కూర్చుంటే అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. అన్నం కలిపే అమ్మ వేళ్ళకు అప్పటికీ గోళ్ళ మొదళ్ళలో నలుపు పోలేదు.

ఒకనాటి సాయంత్రం ఆఫీసు నుంచి హుషారుగా వచ్చాడు. అమ్మ ముద్ద అందిస్తుంటే నమిలి మింగి, కబుర్లు మొదలుపెట్టాడు. "ఇవాళ కాగితాలు తీసుకెళ్తే ఆఫీసరుగారు నా చేతులు చూసి కంగారు పడ్డారు. ఏమిటయ్యా ఇది అన్నారు. జీడండీ, ఇంటి గుమ్మానికి నేనే రాశాను అన్నాను. స్వయంగా రాశారా, భేష్ అని మెచ్చుకుని, కుర్చీ చూపించి, కాఫీ తెప్పించారు. చేతులు తగ్గేదాకా రాతపని ఇంకొకరికి ఇమ్మన్నారు. ఎంత మంచి మనిషి!"

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగింది.

"ఆయనతో ఏటని సెప్పినారు?"

"జీడన్నాను."

"అంతేనా?"

"అంతే. ఇంకేం చెప్పాలి?"

"ఆయనకి అర్థమైపోనాదా?"

"ఎందుకవదూ? చదువుకున్న మనిషి" అన్నాడు నాన్న, ఇంకా నవ్వుతూనే.

అమ్మ ముద్దను కంచంలో పెట్టేసింది. "మరి ఆ రోజు నా సేతుల గురించి ఈ ఒక్క మాట మీ నోట్లోంచి ఎందుకు రానేదు?" అంది.

నాన్న నవ్వు పోయింది. అమ్మ ఆయన జవాబు కోసం చూసింది. తర్వాత కంచం ఆయన ముందుకు జరిపి, చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయింది. పొక్కులు పగిలిన ఆ చేతులతో ఆయన మిగిలిన అన్నం ఎలా తిన్నాడో, అసలు తిన్నాడో లేదో నాకు తెలియదు. నేనూ అమ్మ వెనకాలే వెళ్ళిపోయాను.